అడీనియం పెంపకం: విత్తనం నుంచి విత్తనం దాకా

అడీనియం మొక్కను ముచ్చటపడి తెచ్చుకున్నవారిలో చాలామంది దానిని పోగొట్టుకునేది నీళ్ళు పోయడం మరిచిపోయి కాదు, మరిచిపోకుండా రోజూ పోసి. నా మొదటి మొక్క కూడా అలాగే పోయింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, రెండు మొగ్గలు కూడా వచ్చాయి. ఒకరోజు కుండీని పక్కకు జరపబోతే మొదలు చేతిలోకి ఊడి వచ్చింది, లోపల అంతా గోధుమరంగు గుజ్జు. ఆ తరువాత ఎన్నో మొక్కలను విత్తనం నుంచి, కొమ్మ నుంచి, అంటు నుంచి పెంచాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. ఈ మొక్క విషయంలో దాదాపు ప్రతి పనికీ ముందో వెనుకో ‘ఆరనివ్వడం’ అనే పని ఒకటి ఉంటుంది, దానిని వదిలేసినవారికి మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఎడారి గులాబీ అన్న పేరు వాడుకలో ఉంది గానీ దీనికి గులాబీతో చుట్టరికమేమీ లేదు. గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం ఉన్న కుటుంబమే దీని కుటుంబం. సహారాకు దక్షిణాన సెనెగల్ నుంచి తూర్పున సోమాలియా, కెన్యా, టాంజానియా వరకు, సముద్రానికి అవతల యెమెన్, ఒమన్‌లలోనూ రాతి గుట్టల మీద, ఇసుక నేలల్లో ఇది తనంతట తాను పెరుగుతుంది. యెమెన్‌లో మొక్కలు సేకరిస్తూ 1763లో అక్కడే కన్నుమూసిన పీటర్ ఫోర్స్‌కోల్ రాసిపెట్టిన వివరణలు 1775లో అచ్చయినప్పుడు ఇది గన్నేరు ప్రజాతిలోనే ఒక మొక్కగా చేరింది. 1819లో దానిని విడదీసి అడీనియం ఒబీసమ్ అన్నారు. మొదటి మాటలో యెమెన్‌లోని ఏడెన్ రేవు పేరు, రెండో మాటలో స్థూలకాయం అన్న అర్థం ఉన్నాయి. పెంచేవారు కాడెక్స్ అని పిలిచే ఆ లావుపాటి మొదలు నిజానికి మొక్క తనకోసం కట్టుకున్న నీళ్ళ తొట్టి. తొట్టి నిండుగా ఉన్న మొక్క వేళ్ళ చుట్టూ ఎప్పుడూ తడి నిలిచి ఉంటే ఆ తడి తాగడానికి పనికిరాదు, వేళ్ళను కుళ్ళబెట్టడానికి మాత్రమే పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ మొక్క రసంలో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉన్నాయి. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాల మొనలకు పూసే విషాన్ని దీని నుంచి తీసేవారు. కొమ్మ కోసినప్పుడు, వేరు కత్తిరించినప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి, ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదు, పని పూర్తికాగానే చేతులనూ కత్తినీ సబ్బుతో కడగాలి. పసిపిల్లలు, మేకలు, కుక్కపిల్లలు ఆకులు కొరికే అవకాశం ఉన్న చోట మొక్కను వారికి అందనంత ఎత్తులో పెట్టండి.

చోటు, కుండీ, మట్టి

రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు కావాలి. నీడలో మొక్క చనిపోదు, కానీ కొమ్మలు వెలుతురు వైపు సన్నగా సాగుతాయి, మొదలు లావెక్కదు, పూత రాదు. నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా మండుటెండలోకి మార్చినా నష్టమే. పది పన్నెండు రోజుల పాటు ఉదయపు ఎండకు, ఆ తరువాత పూర్తి ఎండకు అలవాటు చేయాలి. వెచ్చదనం ఎంత ఉన్నా మొక్కకు ఇష్టమే. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గే రాత్రుల్లో మాత్రం కుండీని లోపలికి తీసుకురావాలి, మంచు గడ్డకట్టే చలిని ఇది అసలు తట్టుకోలేదు.

కుండీ లోతుగా ఉండనక్కరలేదు, వెడల్పుగా ఉంటే చాలు. మొక్క మొదలుకూ కుండీ అంచుకూ మధ్య రెండు మూడు చేతివేళ్ళ ఎడం ఉంటే సరిపోతుంది. ‘ఎలాగూ పెరుగుతుంది కదా’ అని పెద్ద కుండీలో పెడితే వేళ్ళు చేరని మట్టి వారం రోజులైనా ఆరదు. కాల్చిన మట్టి కుండీ గోడల గుండా కూడా తడి ఆవిరవుతుంది కాబట్టి కొత్తగా పెంచేవారికి అదే మంచిది. ప్లాస్టిక్ కుండీకి ఇంకో సౌకర్యం ఉంది. వేళ్ళు లావెక్కే కొద్దీ దాని గోడ ఒక పక్కకు ఉబ్బుతుంది, మొక్కను మార్చవలసిన సమయాన్ని అదే చెబుతుంది. ఏ కుండీ అయినా అడుగున రంధ్రాలు పెద్దవిగా, ఒకటి కన్నా ఎక్కువగా ఉండాలి, కింద పళ్ళెం పెట్టి అందులో నీరు నిలవనివ్వకూడదు.

మట్టి మిశ్రమం గురించి ఎవరిని అడిగినా వేరే కొలత చెబుతారు, వాటిలో చాలా కొలతలు పనిచేస్తాయి కూడా. చూడవలసింది ఒక్కటే: నీరు పోసిన కొన్ని సెకన్లలో అడుగు నుంచి బయటకు రావాలి, పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. నేను వాడేది రెండు వంతులు గరుకు పదార్థం, ఒక వంతు సేంద్రియ పదార్థం. గరుకు పదార్థంగా జల్లించి సన్నపొడి తీసేసిన ముతక ఇసుక, పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తేలికపాటి తెల్లని రాతి పలుకులు), ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి, శనగగింజంత ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలలో దొరికినవాటిని కలుపుకోవచ్చు. సేంద్రియ భాగానికి బాగా మాగిన కంపోస్టు, దానిలో కొద్దిగా కడిగిన కొబ్బరి పొట్టు సరిపోతాయి. కొబ్బరి పొట్టే ప్రధానంగా నింపి అమ్మే మొక్కలు చూడడానికి కళకళలాడుతున్నా, వరుసగా వానలు పడితే ఆ పొట్టు స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతుంది. అలాంటి మొక్కను తెచ్చుకుంటే వారం పది రోజులు అలాగే ఉంచి, ఆ పొట్టును వేళ్ళ నుంచి విడదీసి కొత్త మిశ్రమంలోకి మార్చడం మేలు. పొలం నుంచి తెచ్చిన బంకమట్టిని ఒక్క గుప్పెడు కూడా కలపవద్దు.

నీరు

పెరిగే కాలంలో, అంటే వెచ్చగా ఉండి కొత్త ఆకులు వస్తున్నప్పుడు, అడీనియం బాగానే నీరు తాగుతుంది. ఎడారి మొక్క కదా అని నెలల తరబడి ఎండగడితే బతుకుతుంది గానీ పెరగదు. అందుకే రోజుల లెక్క పెట్టుకోకుండా మట్టిని చూసి పోయాలి. ఒక సన్నని వెదురు పుల్లను కుండీ అంచు దగ్గర సగం లోతు వరకు దింపి, రెండు నిమిషాలాగి బయటకు తీసి పెదవి మీద ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో రోజు ఆగండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల నుంచి కారేంత వరకు నిండుగా పోయండి. రోజూ గ్లాసెడు చొప్పున పోయడం కన్నా, ఒకసారి నిండా తడిపి పూర్తిగా ఆరాక మళ్ళీ తడపడం ఈ మొక్క వేళ్ళకు సరిపడే పద్ధతి.

చలికాలంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దగ్గరపడుతుంటే ఆకులు పసుపుబారి రాలడం మొదలవుతుంది. మొక్క నిద్రపోతున్నదన్నమాట. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఆకులు రాలుతున్నాయి, నీరు చాలడం లేదేమో అనుకుని ఇంకా పోస్తారు. ఆకులు లేని మొక్క నీటిని దాదాపు తాగదు. ఆ రోజుల్లో మూడు నాలుగు వారాలకు ఒకసారి కొద్దిగా తడపడం చాలు, మరీ చలి ఉన్న చోట పూర్తిగా ఆపేసినా ప్రమాదం లేదు. వెచ్చని చోట ఏడాది పొడవునా ఆకులతోనే ఉండే మొక్కకు ఈ మినహాయింపు అక్కరలేదు, పుల్ల పరీక్షే చాలు. వానలు ఎడతెరిపి లేకుండా కురిసే కాలంలో కుండీని చూరు కిందికి జరపడం అన్నిటికన్నా తేలికైన వైద్యం.

మొదలును బొటనవేలితో నొక్కి చూడడం అలవాటు చేసుకోండి. ఆరోగ్యంగా ఉన్న మొదలు పచ్చి బంగాళదుంపలా గట్టిగా ఉంటుంది. నీరు తగ్గిన మొదలు అన్ని వైపులా ఒకే రకంగా కొంచెం మెత్తబడుతుంది, చర్మం మీద సన్నని ముడతలు కనిపిస్తాయి, నిండుగా నీరు పోసిన కొద్ది రోజుల్లో తిరిగి బిగుస్తుంది. కుళ్ళు పట్టిన మొదలు ఒకే చోట, తరచుగా మట్టికి ఆనుకున్న చోట, గుజ్జులా లోపలికి దిగిపోతుంది, రంగు మారుతుంది, వాసన వస్తుంది. మొదటిదానికి నీరు పోయాలి, రెండోదానికి కత్తి తీయాలి. ఈ తేడా వేలికి తెలిసిపోతే సగం సాగు వచ్చినట్టే.

విత్తనం నాటడం

లావైన, అందమైన మొదలు కావాలనుకుంటే విత్తనమే దారి. విత్తనం నుంచి వచ్చిన మొక్కలో వేరుకూ మొదటి ఆకులకూ మధ్య ఉన్న కాండం భాగం మొదటి నెల నుంచే ఉబ్బడం మొదలవుతుంది. అయితే మీ విత్తనం ఏ పువ్వు నుంచి వచ్చిందో అదే రంగు పువ్వు వస్తుందన్న హామీ లేదు. ముద్ద పూల మొక్కల విత్తనాల నుంచి ఒంటిరేకు పూలు రావడం మామూలే. రంగు ముఖ్యమనుకుంటే అంటు కట్టుకోవాలి, ఆ సంగతి తరువాత చెబుతాను.

విత్తనాలు ఎంత తాజాగా ఉంటే అంత బాగా మొలుస్తాయి, నెలలు గడిచే కొద్దీ మొలక శాతం తగ్గుతుంది. రెండు కొసలా కుచ్చులున్న గోధుమరంగు పుల్ల ముక్కల్లా ఉంటాయి. కుచ్చులను గిల్లి తీసేసి, గోరువెచ్చని నీటిలో రెండు మూడు గంటలు నానబెట్టండి. రంధ్రాలున్న లోతు తక్కువ ట్రేలో పైన చెప్పిన మిశ్రమాన్నే ఇంకొంచెం సన్నగా జల్లించి నింపి, ముందుగా తడిపి, అదనపు నీరంతా కారిపోయే వరకు ఆగాలి. విత్తనాలను నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి, మూడేసి సెంటీమీటర్ల ఎడంతో ఉంచి, పైన బియ్యపు గింజంత మందాన మిశ్రమం చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. పైనుంచి నీరు పోస్తే విత్తనాలు తేలి ఒక మూలకు చేరిపోతాయి. కాబట్టి నీరున్న పళ్ళెంలో ట్రేను కాసేపు ఉంచి అడుగు నుంచి తడి పైకి ఎక్కనిచ్చి, పైభాగం రంగు మారగానే తీసేయాలి.

ఉష్ణోగ్రత 27 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే తాజా విత్తనాలు మూడో రోజు నుంచి వారం లోపల మొలుస్తాయి. రెండు వారాలు దాటినా మొలవని విత్తనం మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. మొలకలు కనిపించగానే వెలుతురు పెంచాలి, లేకపోతే అవి సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతాయి. మొదటి వారం నీడలో వెలుతురు, తరువాత ఉదయపు ఎండ, నెల తిరిగేసరికి ఎక్కువ ఎండ అన్న క్రమం బాగుంటుంది.

ఇక్కడ నా ‘ఆరనివ్వడం’ సూత్రాన్ని కొంచెం సడలించాలి. పిల్ల మొక్కకు ఇంకా నీళ్ళ తొట్టి తయారు కాలేదు, కాబట్టి పెద్ద మొక్కను ఎండగట్టినట్టు దీనిని ఎండగడితే ఎదుగుదల ఆగిపోతుంది. పైమట్టి ఆరాలి, అడుగు ఆరకూడదు. అలాగని గాలి ఆడకుండా మూతపెట్టి ఉంచితే మొలక నేలకు ఆనిన చోట నల్లబడి ఒరిగిపోతుంది, ఈ తెగులు ఒకదాని నుంచి పక్కదానికి ఒక్క రాత్రిలో పాకుతుంది. ఒరిగినవాటిని వెంటనే పీకి పారేసి, గాలి తగిలేలా చేసి, మిగిలినవాటికి శిలీంధ్రనాశిని ద్రావణాన్ని లేబుల్ మీద ఉన్న మోతాదులో తడపాలి.

నాలుగు నుంచి ఆరు నిజమైన ఆకులు వచ్చాక, అంటే సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు, ఒక్కో మొక్కను చిన్న కుండీలోకి మార్చవచ్చు. బాగా ఎండ, వెచ్చదనం, పోషణ అందిన మొక్క ఏడాది నుంచి ఏడాదిన్నర లోపల మొదటి పువ్వు చూపిస్తుంది, కొన్ని ఇంకా ముందే పూస్తాయి.

కుండీ మార్చడం, వేళ్ళను పైకి తేవడం

రెండేళ్ళకోసారి, నిద్ర నుంచి లేచే కాలంలో, అంటే చలి తగ్గి కొత్త చిగుళ్ళు కంటికి కనిపిస్తున్నప్పుడు కుండీ మార్చాలి. అంతకు ముందు వారం రోజులు నీరు ఆపేయండి. ఎండిన మట్టి వేళ్ళ నుంచి తేలికగా రాలుతుంది, మెత్తబడిన వేళ్ళు తెగవు. మొక్కను బయటకు తీయగానే ఎండ తగిలే వైపు మొదలు మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టుకోండి. కొత్త కుండీలో కూడా ఆ గీత అదే దిక్కుకు ఉండేలా నాటాలి, ఎందుకంటే ఇన్నాళ్ళూ నీడలో ఉన్న వైపు ఒక్కసారిగా ఎండకు తిరిగితే ఆ చర్మం కాలి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ద్వారానే తరువాత కుళ్ళు ప్రవేశిస్తుంది.

కుండీ మార్చిన ప్రతిసారీ మొక్కను రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఎత్తి నాటితే లావుపాటి వేళ్ళు మట్టి పైన కనిపిస్తూ వస్తాయి. మర్రిచెట్టు పాదాల్లాంటి ఆ రూపం కోసమే చాలామంది దీనిని పెంచుతారు. ఆశపడి ఒకేసారి అరచెయ్యంత పైకి ఎత్తవద్దు, లేత వేరు చర్మం ఎండకు కాలిపోతుంది. సన్నని పీచువేళ్ళను, కుళ్ళినవాటిని కత్తిరించి, మొక్కను గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు పడుకోబెట్టండి. వేళ్ళు బయట పెట్టుకుని అన్ని రోజులు పడి ఉన్న మొక్కను చూస్తే మొదట్లో మనసు ఒప్పుకోదు. కోసిన చోట పొడిగా, గట్టిగా పొలుసు కట్టాకనే నాటాలి. నాటిన తరువాత కూడా ఇంకో వారం నీరు పోయకూడదు.

వేళ్ళు పక్కలకు విచ్చుకోవాలని కోరుకునేవారు మూడు నాలుగు నెలల పిల్ల మొక్క తల్లివేరును సగానికి కత్తిరించి, ఇదే విధంగా ఆరబెట్టి, కింద ఒక చదునైన పెంకు ముక్క పెట్టి దాని మీద మొక్కను కూర్చోబెడతారు. కిందికి దారి లేక వేళ్ళు నక్షత్రంలా చుట్టూ పరుచుకుంటాయి.

కత్తిరింపు, ఎరువు

పూలు కొత్తగా వచ్చిన కొమ్మల చివరలనే వస్తాయి. కాబట్టి కొమ్మలు ఎక్కువైతే పూలు ఎక్కువవుతాయి. చిగురు వేసే కాలం మొదట్లో పొడవైన కొమ్మలను మూడో వంతు వరకు, బయటి వైపు చూస్తున్న కణుపుకు కొంచెం పైన, వాలుగా కోయండి. ఒక్కో కోత కింద రెండు మూడు చిగుళ్ళు వస్తాయి. కోసిన ముఖం మీద నీరు పడకుండా మూడు నాలుగు రోజులు చూసుకోవాలి.

ఎరువు పెరిగే కాలంలోనే వేయాలి, నిద్రలో ఉన్నప్పుడు వేయకూడదు. నత్రజని ఎక్కువైతే ఆకులు పెద్దవై కొమ్మలు సాగుతాయే గానీ పువ్వు రాదు. భాస్వరం, పొటాష్ తగినంత ఉన్న కరిగే ఎరువును లేబుల్ మీద చెప్పిన దానిలో సగం మోతాదుకు పలుచన చేసి, పదిహేను ఇరవై రోజులకోసారి, మట్టి తడిగా ఉన్నప్పుడు పోస్తే సరిపోతుంది.

కత్తిరించిన కొమ్మలను నాటడం

కత్తిరింపులో వచ్చిన కొమ్మలను పారేయనక్కరలేదు. వేలెడు లావున్న, 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలను ఎంచుకుని, చివరి రెండు ఆకులు తప్ప మిగతావి తీసేసి, కారుతున్న రసాన్ని నీటితో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. సన్న కొమ్మకు నాలుగు రోజులు, లావు కొమ్మకు వారం పడుతుంది. కోసిన ముఖాన్ని గోటితో తాకితే చెక్కలా తగలాలి. తరువాత మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు కేవలం ముతక ఇసుక, పెర్లైట్ ఉన్న మిశ్రమంలో నాటి, కదలకుండా ఒక పుల్లకు కట్టి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచాలి. మిశ్రమం చెమ్మగా ఉంటే చాలు. వేళ్ళు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో చిగురు కనిపిస్తే వేరు వచ్చిందని సంబరపడి పీకి చూడవద్దు, కొమ్మ తనలో ఉన్న నిల్వతోనే ఆ చిగురు వేయగలదు. నెల దాటాక మెల్లగా కదిపితే ఎదురు బిగువు తగలడమే నమ్మదగిన గుర్తు.

కొమ్మతో వచ్చే లాభం, తల్లి మొక్క పువ్వే అచ్చంగా రావడం, త్వరగా పూయడం. నష్టం, విత్తనపు మొక్కకు ఉండే బుర్రలాంటి మొదలు దీనికి ఏర్పడదు. ఏళ్ళు గడిచాక వేళ్ళు లావెక్కుతాయి గానీ ఆ ఆకారం వేరు. నన్నడిగితే కొమ్మ నాటడం చేయి తిరగడానికి మంచిది, మంచి మొక్క కోసమైతే అంటు కట్టడమే మేలు.

అంటు కట్టడం

విత్తనపు మొక్క మొదలు, నచ్చిన మొక్క పువ్వు రెండూ ఒకే కుండీలో కావాలంటే అంటు కట్టాలి. ఆరు నెలల నుంచి ఏడాది వయసున్న, కనీసం పెన్సిలంత లావున్న విత్తనపు మొక్కను వేరుమూలంగా, అంటే అంటుకు కింది భాగంగా, తీసుకోండి. దానికి రెండు మూడు రోజులు ముందుగా నీరు ఆపితే కోసినప్పుడు రసం తక్కువ కారుతుంది. అంటు కొమ్మ అదే లావున, మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల పొడవున, ఆరోగ్యంగా, మొగ్గలు లేకుండా ఉండాలి.

కొత్త బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, వేరుమూలాన్ని కావలసిన ఎత్తులో అడ్డంగా కోసి, మధ్యలో ఒక సెంటీమీటరుకు పైగా లోతున చీల్చి V ఆకారం వచ్చేలా రెండు వైపులా కొద్దిగా తీసేయండి. అంటు కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి గూటంలా చేసి, ఆ చీలికలోకి దింపాలి. ఒక్కో చెక్కుడు ఒకే ఊపులో, చదునుగా రావాలి, రంపంలా కోసిన ముఖాలు కలవవు. పైబెరడు కింద కనిపించే సన్నని పచ్చని పొర రెండింటిలోనూ కనీసం ఒక వైపైనా ఒకదానికొకటి ఆనాలి, అతుకు అతికేది ఆ పొర దగ్గరే. లావుల్లో తేడా ఉంటే మధ్యలో పెట్టి రెండు వైపులా చెడగొట్టుకునే బదులు ఒక అంచుకు జరిపి పెట్టండి. వెంటనే సాగే ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగుతుగా చుట్టాలి.

ఇంతవరకు ప్రతి కోతనూ ఆరబెట్టమని చెప్పాను, అంటు దగ్గర ఆ నియమం తలకిందులవుతుంది. కోసిన ముఖాలు ఆరితే అతకవు. కోతకూ కట్టుకూ మధ్య ఒక నిమిషం కన్నా ఎక్కువ గడవకూడదు. కట్టిన తరువాత కూడా అంటు కొమ్మకు వేళ్ళ నుంచి నీరు అందడానికి రోజులు పడుతుంది కాబట్టి, లోపలి చెమ్మ పోకుండా దాని మీద చిన్న పాలిథిన్ కవరు తొడిగి కింద దారంతో కట్టి, మొక్కను నీడలో వెలుతురున్న చోట ఉంచాలి. మొదటి మూడు నాలుగు రోజుల్లో కొమ్మ నల్లబడితే ఆ అంటు పోయినట్టే, అతుకు కింద ఇంకో సెంటీమీటరు దించి మళ్ళీ ప్రయత్నించవచ్చు. పది పదిహేను రోజులకు కొమ్మ పచ్చగా ఉండి కణుపులు ఉబ్బుతుంటే కవరు మూలను కత్తిరించి గాలి తగలనిచ్చి, రెండు మూడు రోజుల తరువాత తీసేయండి. పట్టీని మాత్రం మూడు నాలుగు వారాల వరకు కదపవద్దు. అతుకు కింద వేరుమూలం నుంచి వచ్చే చిగుళ్ళను కనిపించినప్పుడల్లా గిల్లేయాలి, వదిలేస్తే మొక్క శక్తి అంతా వాటికే పోయి పైకొమ్మ వాడిపోతుంది.

పురుగు, కుళ్ళు

కణుపుల్లో తెల్లని దూది ముద్దల్లా కనిపించేది పిండినల్లి, దానిని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. ఆకుల అడుగున సన్నని సాలెగూడు, పైన లేత చుక్కలు ఉంటే ఎర్రనల్లి. ఆకు అడుగు భాగాన్ని నీటితో బలంగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బుతో కలిపి సాయంత్రం వేళ చల్లండి. ఎండలో నూనె చల్లితే ఆకులు కాలతాయి.

కుళ్ళు కనిపించిన మొక్కను ఆ రోజే బయటకు తీయాలి. మెత్తబడిన భాగాన్ని గరిటెతో గీకినట్టు తీసేసి, శుభ్రమైన కత్తితో గోధుమరంగు చారలేవీ లేని తెల్లని కండ కనిపించే వరకు కోస్తూ పోవాలి. ప్రతి కోతకూ కత్తిని తుడవండి. ఒక్క చార మిగిలినా మళ్ళీ మొదలవుతుంది, కాబట్టి జాలి చూపవద్దు. గాయానికి శిలీంధ్రనాశిని పొడి అద్ది, రెండు వారాల వరకు నీడలో ఆరబెట్టి, పూర్తిగా పొడి మిశ్రమంలో నాటండి. సగం మొదలు పోయిన మొక్కలు కూడా ఇలా తేరుకోవడం చూశాను, పైగా ఆ గాయం మానాక ఏర్పడే వంకర వాటికి ఒక అందం కూడా.

చేత్తో పరాగసంపర్కం, కాయ

కుండీలో పెరిగే అడీనియంకు తనంతట తాను కాయ పట్టడం అరుదు. పువ్వు నిర్మాణమే అందుకు కారణం. గొట్టం లోపల అయిదు పుప్పొడి తిత్తులు కలిసి చిన్న గోపురంలా కట్టుకుని ఉంటాయి, వాటి కొసల నుంచి తోకల్లాంటి పోగులు గొట్టం నోటి దాకా వస్తాయి. పుప్పొడి ఆ గోపురం లోపల, దానిని అందుకోవలసిన భాగం దానికి కొంచెం కింద దాగి ఉంటాయి. పైగా చాలా మొక్కలు తమ పుప్పొడితో తాము కాయవు. కాబట్టి విత్తనం కావాలంటే రెండు వేర్వేరు మొక్కలు ఒకే సమయంలో పూయాలి.

విచ్చి ఒకటి రెండు రోజులైన పువ్వును ఉదయం పూట ఎంచుకుని, గొట్టాన్ని ఒక వైపు నిలువునా చీల్చి రేకులను వెనక్కి వంచండి, గోపురం బయటపడుతుంది. సన్నని కుంచె కొసను తడిపి, లేదా పళ్ళపుల్ల కొసను నలిపి, గోపురం పైభాగంలోకి గుచ్చి మెల్లగా తిప్పితే లేత పసుపు పిండిలాంటి పుప్పొడి అంటుకుంటుంది. రెండో మొక్క పువ్వును కూడా అలాగే తెరిచి, రెండు తిత్తుల మధ్య అడుగున ఉన్న సందులోకి ఆ కొసను పోనిచ్చి ఒకటి రెండుసార్లు రుద్దాలి. కంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. పది పూలకు చేస్తే రెండో మూడో నిలిచినా మంచి ఫలితమే అనుకోవాలి.

సంపర్కం కుదిరితే వారం పది రోజుల్లో పువ్వు రాలిన చోట జంట కొమ్ముల్లాంటి కాయలు మొలుస్తాయి. అవి ముదరడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. కాయ పచ్చదనం తగ్గి గోధుమరంగుకు తిరుగుతున్నప్పుడు దాని చుట్టూ మూడు చోట్ల దారం వదులుగా కట్టండి, లేదా పలుచని గుడ్డసంచి తొడగండి. ఏమరుపాటుగా ఉంటే ఒక మధ్యాహ్నపు ఎండకు కాయ నిలువునా పగిలి, రెండు కొసలా కుచ్చులున్న విత్తనాలు గాలికి దొర్లుకుంటూ వెళ్ళిపోతాయి. పగిలిన కాయను కోసి, విత్తనాలను ఒక రోజు నీడలో ఆరబెట్టి, కాగితం కవరులో వేసి, తల్లి ఏ మొక్కో, పుప్పొడి ఏ మొక్కదో, తేదీతో సహా కవరు మీద రాసుకోండి. వాతావరణం వెచ్చగా ఉంటే ఆ వారంలోనే విత్తేయడం మంచిది.